కొండమ్మకి పెట్టిన కళ్ళు

ఒరేయ్ వెంకట్, దమ్ముంటే నమ్ము. నమ్మకపోతే నీ ఇష్టం, నాకేం పోయింది. కానీ మధ్యలో సొల్లు అని ఒక్కసారి కొట్టావో, అక్కడితో ఆపేస్తా. కాళ్ళు పట్టుకున్నా మళ్ళీ చెప్పను.

మొన్న అడిగావు కదా, మీ ఇంట్లో లాప్‌టాప్ ఎక్కడిదిరా, మీ అన్నయ్య కొన్నాడా అని. కొనలేదు. ఊరికే ఇచ్చారు. ఊరికే ఎవడన్నా లాప్‌టాప్ ఇస్తాడా? వదిలించుకోవాలనుకుంటేనే ఇస్తాడు. ఇప్పుడు నేను కొడుతున్నది దాంట్లోంచే. ఇవాళ మరీ స్లోగా ఉంది, అక్షరం నొక్కితే రెండు సెకన్లకి పడుతోంది. లేటయితే తిట్టకు.

మా కిరణ్ అన్నయ్య సంగతి నీకు తెలుసుగా. గుడివాడలో ఆరు నెలలు హార్డ్‌వేర్ కోర్సు చేసొచ్చాడు. అంతే, బందరు నుంచి నాగాయలంక దాకా ఎవడి సిస్టమ్ మూలిగినా అన్నయ్యకే ఫోను. భుజాన బ్యాగు, అందులో స్క్రూడ్రైవర్లు, సీడీలు, మెడలో పెన్‌డ్రైవ్. డాక్టరు గొట్టం వేసుకున్నట్టు వేసుకుని తిరిగేవాడు దాన్ని.

పోయినేడు జులైలో ఒక రోజు, పొద్దున్న పదింటికి, అవనిగడ్డ నుంచి ఫోను. అక్కడ ఫోటో స్టూడియో పెట్టుకున్న పూర్ణచంద్రరావు గారు. అన్నయ్యకి చుట్టమేం కాదు, అయినా మావయ్యా అనే పిలుస్తాడు.

"అల్లుడూ, లాప్‌టాప్ చచ్చిందయ్యా."

"ఆన్ అవుతోందా మావయ్యా?"

"అవుతోంది. ఫోటో తెరవమంటే నేను టీ తాగొచ్చి, పేపరు చదివి, అప్పుడు కూడా తెరవట్లా. వారం కింద వరకూ గుర్రంలా ఉంది. రేపు కొండమ్మ పదకొండో రోజు. ఫ్రేము ఇవ్వకపోతే వాళ్ళబ్బాయి చిన్నబాబు నా మెడ మీద కూర్చుంటాడు."

కొండమ్మ పేరు వినగానే అన్నయ్య ఇంకో మాట అడక్కుండా బ్యాగు అందుకున్నాడు. ఎందుకో చెప్తా.

మన సముద్రం వైపు ఊళ్ళల్లో చాలామంది ముసలోళ్ళకి ఒక్క ఫోటో కూడా ఉండదు. బతికున్నప్పుడు ఎవడూ తీయించడు. పోయాక గుర్తొస్తుంది, దినం రోజు దండ వెయ్యడానికి ఫోటో కావాలని. అప్పుడు స్టూడియో ఆయన బండేసుకుని వెళ్ళి శవాన్నే ఫోటో తీసుకొస్తాడు. షాపుకొచ్చి కంప్యూటర్లో ముక్కులో దూది తీసేస్తాడు, గడ్డం కింద కట్టు చెరిపేస్తాడు, నుదుటి మీద రూపాయి బిళ్ళ తీసి బొట్టు పెడతాడు. ఆఖర్న కళ్ళు తెరిపిస్తాడు. మూసుకున్న కళ్ళు ఎలా తెరుస్తాడనుకున్నావ్? ఇంకెవరివో కోసి అతికిస్తాడు.

పూర్ణ మావయ్యకి దీంట్లో ఒక పద్ధతి ఉంది. పోయినోళ్ళ కొడుకువో కూతురివో పెడతాడు. ఆ రక్తం కానోళ్ళవి మాత్రం పెట్టడు. ఆయన నాన్నగారు కుంచెతో బొమ్మలేసే రోజుల్లో కూడా కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడి కళ్ళు చూస్తూ తల్లి కళ్ళు దిద్దేవాడంట. ఎందుకలా అంటే, "మా నాన్న అలాగే చేసేవాడు" అంటాడు మావయ్య. అంతకు మించి ఆయనకీ తెలీదు.

ఆ ఫోనుకి తొమ్మిది రోజుల ముందు అన్నయ్య అదే స్టూడియోలో ప్రింటర్ బాగుచేస్తున్నాడు. మావయ్యకి మోపిదేవి గుళ్ళో పెళ్ళి ఫోటోల బేరం. బయల్దేరుతూ, "కొండమ్మ కొడుకు చిన్నబాబు వస్తాడు. వాణ్ణి కూర్చోబెట్టి ఒక ఫోటో తీసి, ఆ కళ్ళు వాళ్ళమ్మకి పెట్టు. నీకొచ్చుగా?" అన్నాడు. మా వాడు, "ఇదేం బ్రహ్మవిద్యా మావయ్యా" అన్నాడు.

చిన్నబాబు ఎంతకీ రాలేదు. బందరు బస్సుకి టైమైపోతోంది. అన్నయ్యకి తిక్క లేచింది. మెడలోని పెన్‌డ్రైవ్ తీసి పెట్టి వెతికితే మా ప్రేమక్క పాస్‌పోర్ట్ సైజు ఫోటో దొరికింది. నర్సింగ్ అప్లికేషన్‌కి తీయించుకున్నది. పెద్ద పెద్ద కళ్ళు, లైటు సరిగ్గా పడింది. కోశాడు. అతికించాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

అప్పుడొచ్చాడు చిన్నబాబు. సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి, తలుపంత ఉంటాడు. స్క్రీను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "మా అమ్మకి చూపొచ్చింది తమ్ముడూ" అన్నాడు. కొండమ్మకి శుక్లాలు ముదిరి మూడేళ్ళుగా కనపడేది కాదంట. అన్నయ్యకి గర్వమేసింది. ఎవరి కళ్ళో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అదీ సంగతి. ఆ మర్నాటి నుంచే లాప్‌టాప్ స్లో.

బస్సులో అన్నయ్యకి కాలు ఒక చోట నిలవలేదంట. చల్లపల్లి దాటాక మోపిదేవి వెళ్ళే ఆడవాళ్ళు పాల చెంబులు పట్టుకుని ఎక్కారు. బస్సు కుదుపుకి పాలు ఒలికి కాళ్ళ మీద పడుతుంటే కూడా చూసుకోలేదు. వైరస్సే అయ్యుంటుంది అనుకున్నాడు. ర్యామ్ పోయుంటుంది అనుకున్నాడు. అనుకుంటూనే ఇంటికి ఫోను చేశాడు. అక్క ఎత్తింది.

"ఏంటన్నయ్యా?"

"ఏం లేదు. ఏం చేస్తున్నావ్?"

"గాజులకి రాళ్ళు అతికిస్తున్నా. ఏంటో, వారం నుంచీ కళ్ళు మంట. మధ్యమధ్యలో మసక. అమ్మ చుక్కల మందు వేసింది."

అన్నయ్య ఫోను పెట్టేశాడు.

బందరు పక్కన మా చిలకలపూడిలో ఆ గిల్టు గాజుల పని చెయ్యాలంటే కళ్ళే ఆస్తి. ఆవగింజంత రాయిని పట్టకారుతో పట్టి గుంటలో కూర్చోబెట్టాలి. అక్క రోజుకి ముప్పై గాజులు చేస్తది. ఆ పని చేసుకుంటూనే నర్సింగ్ సీటు కోసం చూస్తోంది.

ఆగు. ఇది మళ్ళీ ఇరుక్కుపోయింది.

...

ఆ, వచ్చా. ఏంట్రా బాబూ ఇది, హార్డ్‌డిస్క్ నిండిపోయిందంట. ఇందాక చూస్తే ఒక ఫోల్డర్, డ్రైవర్స్ బ్యాకప్ అని, పదకొండు జీబీ ఉంది. ప్రింటర్ డ్రైవర్లకి పదకొండు జీబీ ఎందుకురా? అన్నయ్య గుడివాడ పోయాడులే, వాడికి చాదస్తం, దీంట్లో ఏదీ ముట్టుకోవద్దంటాడు. డిలీట్ కొట్టా. గీత నత్తలా పాకుతోంది. అది పోతే ఫాస్ట్ అవుద్ది. నువ్వు విను.

అన్నయ్య స్టూడియోకి వెళ్ళేసరికి పన్నెండున్నర. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల మాత్రం నీకు తెలుసుగా, స్టూడియోకి కిటికీలుండవు. వెనక గోడకి కొబ్బరిచెట్లు, పడవ ఉన్న పాత పరదా. ఒక మూల గొడుగు లైటు. ఎండలోంచి లోపలికి అడుగుపెడితే అయిదు నిమిషాల దాకా ఏదీ కనపడదు. ఆ చీకట్లో ముందు వాసన కొట్టింది. ఎండుచేపల వాసన.

"ఏంటి మావయ్యా, షాపులో చేపలు ఎండబెడుతున్నావా?"

"నాకూ వస్తోందయ్యా. ఎలక చచ్చిందేమోనని సోఫా కూడా ఎత్తి చూశా."

అన్నయ్య వంగి లాప్‌టాప్ పక్కన వాసన చూశాడు. దాని ఫ్యాను గాలి వెచ్చగా మొహానికి తగిలింది. వాసన అక్కడి నుంచే.

కొండమ్మ ఎండుచేపలు అమ్మేది.

సరే, మా వాడు ధైర్యం తెచ్చుకుని పనిలోకి దిగాడు. ముందు రీస్టార్ట్. పావుగంట పట్టింది. వైరస్ స్కాన్ పెట్టాడు, ఏం లేదు. పనికిరాని ఫైళ్ళు మూడొందల ఎంబీ తీసేశాడు. రెండు నిమిషాల్లో ఆ మూడొందలూ మళ్ళీ నిండిపోయాయి. డిస్క్ లైటు ఆరట్లేదు, మిణుగురులా కొట్టుకుంటూనే ఉంది. ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో చూస్తే ఫోటోషాప్. స్క్రీను మీద ఫోటోషాప్ లేదు. ఎవరూ తెరవలేదు. కానీ నడుస్తోంది. ఆపేశాడు. మూడు లెక్కపెట్టేలోపు మళ్ళీ వచ్చింది.

"ఏ ఫైలు తింటోందో చూస్తా" అని వెతికాడు. ఒక్కటే ఫైలు. కొండమ్మ ఫోటో. ఆ రోజు సేవ్ చేసినప్పుడు నలభై ఎంబీ. ఇప్పుడు నాలుగు జీబీ. అసలు ఆ రకం ఫైలు రెండు జీబీ దాటితే సేవే అవ్వదురా. ఇది నాలుగుంది. వాడు చూస్తుండగానే ఇంకాస్త పెరిగింది.

"తెరవకయ్యా" అన్నాడు మావయ్య.

"తెరవకపోతే ఎలా తెలుస్తది?"

తెరిచాడు. ముప్పావుగంట పట్టింది తెరుచుకోడానికి. పైనుంచి కిందకి, తెర దించినట్టు, ఒక్కో పట్టీ పడుతూ వచ్చింది. నెరిసిన జుట్టు. నుదురు. బొట్టు. అక్కడ ఆగింది చాలాసేపు. ఆ తర్వాత కళ్ళు.

చచ్చినోళ్ళ మొహంలో మా అక్క కళ్ళు.

పక్కన లేయర్లు చూశాడు, అంటే ఫోటో మీద ఒకదాని మీద ఒకటి అతికించే పొరలు. వాడు పెట్టింది ఒక్కటి. ఇప్పుడు పద్దెనిమిది వందల చిల్లర. అన్నీ అవే కళ్ళు. ఒకదాని మీద ఒకటి. ఒక్కొక్కటీ ఏడెనిమిది నిమిషాలకోసారి సేవ్ అయినట్టు టైము. రాత్రి షాపు మూసేసి, లాప్‌టాప్ ఆపేసిన టైములు కూడా ఉన్నాయి.

"అన్నీ ఒకటేలా ఉన్నాయి కదా" అని గొణిగాడు మావయ్య.

ఫోటోగ్రాఫర్లకి ఒకటి తెలుసు. కంటిపాపని దగ్గరగా పెద్దది చేసి చూస్తే, ఎదురుగా ఏముందో అందులో కనపడుతుంది. అక్క ఫోటోలో అయితే స్టూడియో గొడుగు లైటు కనపడాలి, తెల్లగా, గొడుగు ఆకారంలో. అన్నయ్య మొదటి లేయర్ పెద్దది చేశాడు. అదే ఉంది, గొడుగు లైటు.

రెండోది పెద్దది చేశాడు. లైటు లేదు. ఏదో ఇత్తడి రంగు. గుండ్రంగా.

గాజు.

మూడోది... మా ఇంటి వసారా స్తంభం. నాలుగోది... అమ్మ, చేతిలో కాఫీ గ్లాసు. తర్వాతది చర్చిలో బెంచీలు. తర్వాతది నేనురా! నేను అన్నం తింటున్నా. కంటిపాపలో, గోరంత, నోరు తెరుచుకుని.

మావయ్య గోడకి ఆనుకుపోయాడు.

"ఎవరి కళ్ళయ్యా అవి?" గుసగుసగా అడిగాడు.

"మా చెల్లివి."

"చంపావు కదరా..."

అప్పుడే కొత్త లేయర్ ఒకటి పడింది. వాళ్ళిద్దరూ చూస్తుండగానే. అన్నయ్య దాన్ని పెద్దది చేశాడు. ఎర్రటి చుక్క. చుట్టూ పట్టకారు మొనలు. సెల్ తీసి ఇంటికి కొట్టాడు.

"ప్రేమా, ఇప్పుడు ఏ రాయి అతికిస్తున్నావ్?"

"ఎర్రది. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఏంటి? నీ గొంతేంటి అలా ఉంది?"

చూస్తోందిరా. కొండమ్మ చూస్తోంది. మూడేళ్ళు గుడ్డిగా ఉండి పోయిన మనిషికి, పోయాక కళ్ళు దొరికాయి. దొరికినవి దొరికినట్టు వాడుకుంటోంది. రాత్రీ పగలూ లేకుండా. అందుకే అక్కకి మంట. అందుకే మసక.

అన్నయ్యకి భయం కంటే కోపం వచ్చింది. తప్పు తనది, అనుభవించేది అక్క. "తీసి పారేస్తా" అన్నాడు. లేయర్లన్నీ ఒకే గ్రూపులో ఉన్నాయి. ఫోటోషాప్‌లో ప్రతి దాని పక్కనా చిన్న కన్ను గుర్తు ఉంటది. అది నొక్కితే లేయర్ కనపడకుండా పోద్ది, మళ్ళీ నొక్కితే వస్తది. డిలీట్ చేసే ముందు ఒకసారి దాచి చూద్దామని ఆ కన్ను మీద నొక్కాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

కన్ను గుర్తు పోయింది.

"అయ్యో, కరెంటు పోయింది" అంది అక్క.

అన్నయ్య గబుక్కున మళ్ళీ నొక్కాడు.

"ఆ, వచ్చింది వచ్చింది."

మావయ్య విన్నాడు. అన్నయ్య వైపు చూశాడు. వద్దు అన్నట్టు తల ఊపాడు. అన్నయ్య మాత్రం ఒప్పుకోలేకపోయాడు. నిజంగా కరెంటే పోయొచ్చిందేమో, కోతల టైమేగా. ఇంకొక్కసారి. ఇంకొక్కసారి నొక్కితే తేలిపోద్ది.

నొక్కాడు.

కన్ను పోయింది. సరిగ్గా అప్పుడే స్టూడియోలో ఫ్యాను కిర్రుమని ఆగింది. గొడుగు లైటు ఆరింది. ఇక్కడ నిజంగానే కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీదకి వచ్చింది. తొమ్మిది శాతం.

"అన్నయ్యా... కరెంటు పోయింది మళ్ళీ... కాదు... కాదన్నయ్యా. కిటికీ కూడా నల్లగా ఉంది. మధ్యాహ్నం కదా... ఎండ ఏదీ?"

అన్నయ్య కన్ను మీద నొక్కాడు. రాలేదు. మళ్ళీ నొక్కాడు. స్క్రీను కదలట్లేదు. బాణం గుర్తు బిగుసుకుపోయింది. పైన పట్టీ తెల్లగా పాలిపోయింది.

హ్యాంగ్.

"ప్రేమా, కదలకు. కూర్చో. అలాగే కూర్చో."

"ఇసుకన్నయ్యా... కళ్ళ మీద ఇసుక పోస్తున్నారు... చల్లగా ఉంది... తడి..."

కొండమ్మని సముద్రం ఒడ్డున పూడ్చారు. ఆ మాట అక్కకి ఎవరూ చెప్పలేదు. కొండమ్మ అనే మనిషి ఉందనే అక్కకి తెలీదు.

ఎనిమిది శాతం.

అన్నయ్య అన్నీ చేశాడు. ఎస్కేప్ కొట్టాడు. వేరే ప్రోగ్రాములు ఆపుదామని చూశాడు, స్క్రీను మీద ఆ విండో సగం తెరుచుకుని ఆగిపోయింది. పవర్ బటన్ నొక్కాలంటే భయం. అక్కడ కన్ను మూసి ఉండగా ఆపేస్తే? బ్యాటరీ అయిపోతే? ఏడు. చార్జర్ పెడదామంటే కరెంటు లేదు. "జనరేటరుందా మావయ్యా?" అని అరిచాడు. "పక్క మెడికల్ షాపులో ఉంది" అని మావయ్య చీకట్లో కుర్చీలు తన్నుకుంటూ పరిగెత్తాడు. ఆరు. ఫోనులో అక్క ఏడవట్లేదు ఇప్పుడు. ఊపిరి మాత్రం వినపడుతోంది. రెండు ఊపిరులు. ఒకటి అక్కది. రెండోది కొంచెం ఈలగా... ముసలిగా...

"ప్రభువా, ప్రభువా" అనుకుంటూ ఆ ఒక్క మౌస్‌నే నొక్కుతున్నాడు మా అన్నయ్య.

తలుపు దగ్గర వెలుగు ఆగిపోయింది. ఎవరో నిలబడ్డారు. తలుపంత మనిషి.

"ఫోటో అయిందా తమ్ముడూ?"

చిన్నబాబు.

అన్నయ్య దాచలేదు. వెక్కుతూ మొత్తం చెప్పేశాడు. మీ అమ్మకి మా చెల్లి కళ్ళు పెట్టాను, మీ అమ్మ వాటిని వదలట్లేదు, అక్కడ మా చెల్లికి చూపు పోయింది అని. పిచ్చోడనుకుంటాడేమో, కొడతాడేమో అని కూడా చూసుకోలేదు. చిన్నబాబు కొట్టలేదు. నేల మీద మోకాళ్ళేసి, స్క్రీనుకి ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళు దాచేసిన ఫోటో అది. ఆ లేయర్ల కింద అసలు శవం కళ్ళున్నాయి. మూసుకుని.

వేలితో స్క్రీను మీద వాళ్ళమ్మ బొట్టు తాకాడు. అయిదు. తర్వాత సముద్రంలో పడవ మీద ఉన్నోణ్ణి పిలిచినట్టు కాకుండా, పక్కలో పడుకున్న మనిషితో అన్నట్టు అన్నాడు.

"అమ్మా. ఆపరేషన్ చేయించమన్నావు. వేట అయ్యాక అన్నాను. మూడేళ్ళ వేటలు అయిపోయినియ్యి. మనవడు పుడితే చేతుల్తో తడిమి చూసుకున్నావు. ముక్కు మీ నాన్నదా, మా నాన్నదా అని అడిగావు... నేను సరిగ్గా చెప్పను కూడా చెప్పలా."

నాలుగు.

"తప్పయిపోయింది. పరాయి పిల్లమ్మా అది. వదిలెయ్యి. నాయి తీసుకో. నా కళ్ళతో చూసుకో వాణ్ణి. ఎన్నాళ్ళు చూస్తావో చూడు."

డిస్క్ లైటు ఆగింది.

తొమ్మిది రోజులుగా కొట్టుకుంటున్న లైటు. ఒక్కసారిగా నిశ్శబ్దం. లాప్‌టాప్ లోపలి ఫ్యాను కూడా మూగబోయింది. అన్నయ్య మౌస్ ముట్టుకోలేదు, ప్రమాణం చేసి చెప్తాడు. గ్రూపు పక్కన ఖాళీ గడిలో... చిన్న కన్ను గుర్తు... దానంతటదే వచ్చింది.

ఫోనులోంచి అక్క గట్టిగా ఊపిరి పీల్చింది.

"అన్నయ్యా... కనపడుతోంది."

మూడు శాతం ఉండగా సేవ్ కొట్టాడు. నాలుగు జీబీ. సెకనులో అయిపోయింది.

మావయ్య జనరేటరు వైరు లాక్కొచ్చేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారంట. అప్పుడు చిన్నబాబుని పరదా ముందు కూర్చోబెట్టి ఫోటో తీశారు. కొత్త ఫైలు చేసి, పాతది ముట్టుకోకుండా, కొండమ్మకి కొడుకు కళ్ళు పెట్టారు. మగాడి కళ్ళు ఆడమనిషికి నప్పవనుకుంటావ్ కదా? వాళ్ళమ్మ కళ్ళేరా అవి, అచ్చంగా. ప్రింటు తీసే ముందు అన్నయ్య ఆగలేక కంటిపాప పెద్దది చేసి చూశాడు. గొడుగు లైటు లేదు. ఉయ్యాల ఉంది. గుడ్డ ఉయ్యాల, అందులోంచి ఒక చిన్న కాలు.

"అలాగే ఉంచండి" అన్నాడు చిన్నబాబు. ఫ్రేము గుండెలకి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పాత ఫైలు సంగతే తేలలేదు. డిలీట్ చేద్దామా అంటే ఎవరికి ధైర్యం? కన్ను దాస్తేనే అంత అయింది, తీసేస్తే? మావయ్య దండం పెట్టి, "ఈ లాప్‌టాప్ నా షాపులో వద్దు అల్లుడూ, నువ్వే పట్టుకుపో" అన్నాడు. అదీ మా ఇంటికి ఇది వచ్చిన కథ. అన్నయ్య ఆ ఫైలుని ఎవరి కంటా పడకుండా ఏదో పనికిరాని పేరు పెట్టి ఎక్కడో దాచాడు. ఏం పేరో అమ్మకి కూడా చెప్పలేదు. నాలుగు జీబీ దగ్గర ఆగిపోయింది, ఇంక పెరగట్లేదు అన్నాడు అప్పట్లో. తర్వాత ఎవరూ అడగలేదు.

అక్క బాగానే ఉందిరా. రాళ్ళు అతికిస్తోంది, నర్సింగ్ సీటు కూడా వచ్చింది, వచ్చే వారం చేరాలి. కాకపోతే ఎప్పుడన్నా పని మధ్యలో ఆగి, "చేపలు ఎండినియ్యా?" అంటది. ఎవరినంటుందో తెలీదు. ఏంటక్కా అంటే, నేనేం అన్లేదే అంటది.

నమ్మావా లేదా? నమ్మలేదు కదా? నాకు తెలుసు నువ్వు...

అబ్బ! అయిపోయిందిరా! డిలీట్ అయిపోయింది. పదకొండు జీబీ ఖాళీ. చూడు చూడు ఎంత ఫాస్ట్‌గా పడుతున్నాయో అక్షరాలు. అన్నయ్య ఏడాది నుంచి చెయ్యలేనిది నేను అరగంటలో చేశా. ఇంకేం, హార్డ్‌వేర్ కోర్సు నేనే చేస్తా.

ఉండు, వసారాలోంచి అక్క పిలుస్తోంది.

కరెంటు ఎప్పుడు పోయిందిరా అంటోంది.

ఏంటో దీని గోల. ఒంటిగంట ఎండరా బయట. నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతానే ఉంది.

మళ్ళీ పిలుస్తోంది. ఉండు, వస్